రాఘవాపురం నుంచి మా ఊరి పేట బడి దాకా



నూజివీడు ప్రాంతపు చరిత్ర రాయమంటే మనవాళ్ళు ముందు జమీందార్ల కోట గురించి, తర్వాత చిన్న రసాల గురించి రాస్తారు. రెండూ రాయదగ్గవే. నేను మాత్రం మామిడి తోటల అవతల పేటల్లోని చిన్న చర్చీల గురించి, వాటిని ఆనుకొని నడిచిన బడుల గురించి నాలుగు ముక్కలు రాస్తున్నాను. నేను క్రైస్తవుణ్ణి కాను. అయినా ఆ బడికి ఋణపడి ఉన్నాను.

మన పెద్దలు 'సి.ఎం.ఎస్. మిషను' అని పిలిచినది ఇంగ్లండులోని ఆంగ్లికన్ చర్చికి చెందిన చర్చి మిషనరీ సొసైటీని. దాని తరఫున 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు దొరలు బందరు వచ్చారు. ఫాక్స్ ఊళ్ళు తిరిగి బోధించారు. నోబుల్ 1843లో బడి పెట్టారు. నేటి నోబుల్ కళాశాల అదే. పై కులాలవారు మారితే తక్కినవారు వారి వెంట వస్తారని ఆయన నమ్మకం. అందుచేత ఆ బడిలో అంటరానివారనబడిన పిల్లలకు మొదట ప్రవేశం లేకపోయింది. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పుచ్చుకొనేసరికి తల్లిదండ్రులు భయపడి పిల్లలను మాన్పించారు. బడి దాదాపు ఖాళీ అయింది.

జరిగింది వేరు. 1859లో నందిగామ ప్రాంతంలోని రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద, బెజవాడలో ఉన్న డార్లింగ్ దొర వద్ద బాప్తిస్మం తీసుకొన్నాడు. ఆయన వెనుక ఆయన వాళ్ళు నడిచారు. అక్కడి నుంచి కృష్ణా జిల్లా పల్లెల్లో సంఘాలు పెరిగాయి. దొరలు మేడ మీద దీపం పెడదామనుకొంటే, వెలుగు ముందు పేటలో కనిపించింది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో వి.ఎస్. అజరయ్య గారు దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. తిరునల్వేలి తమిళుడైనా తెలుగు నేర్చుకొని మన పల్లెల్లో తిరిగారు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటినీ పల్లెల శత్రువులుగా ఎంచి, వాటిపై పోరాడమని బోధించారు. దోర్నకల్‌లో ఆయన కట్టించిన పెద్ద చర్చి 1939లో ప్రతిష్ఠ అయింది. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు అందులో కలిసి కనిపిస్తాయి. 1945 జనవరి 1న ఆయన పరమపదించారు. స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, 1947 సెప్టెంబరు 27న, ఆంగ్లికన్లు, మెథడిస్టులు మొదలైనవారు ఏకమై దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడింది. మన ప్రాంతపు సంఘాలు నేడు కృష్ణా-గోదావరి అధ్యక్ష మండలంలో ఉన్నాయి.

ఇంత పెద్ద వ్యవస్థను పేటలో నిలబెట్టినవాడు ఉపదేశి. పగలు పిల్లలకు బడి, రాత్రి పెద్దలకు చదువు, ఆదివారం ప్రార్థన, అన్నీ ఆయనవే. ఆడవాళ్ళు వంట చేసేటప్పుడు పిడికెడు బియ్యం తీసి చర్చికి దాచేవారు. కోతల పండుగకు వడ్లు, కోళ్ళు తెచ్చి వేలం వేసేవారు.

మా ఊళ్ళో అటువంటి పంతులు గారి దగ్గరే నేను ఓనమాలు దిద్దాను. వ్యవసాయదారు ఇంటి పిల్లవాడు పేట బడికి పోవడమేమిటని చుట్టాలు ముక్కున వేలేసుకొన్నారు. "అక్షరానికి మైల లేదు, పోరా" అన్నాడు మా నాయన. పలక మీద గుండ్రని అక్షరాలు వచ్చేదాకా పంతులు గారు వదిలేవారు కాదు. ఆ రాత చూసే నాకు గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక కచేరీలో కుల ధ్రువపత్రాల బల్ల దగ్గర కూర్చొని ఉండగా ఆయన మనుమడు దరఖాస్తు పట్టుకొని వచ్చాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల జాబితా హిందువులకే వర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో వారిని బి.సి.-సి కింద పెట్టి ఒక శాతం రిజర్వేషను ఇచ్చారు. పేట మారలేదు, ఊరివాళ్ళ చూపు మారలేదు, కాగితం మాత్రం మారింది. నియమం ప్రకారం నేను బి.సి.-సి అనే రాశాను. ఆ అబ్బాయి కాగితం చూసి, "మీ అక్షరాలు అచ్చం మా తాతగారివేనండీ" అన్నాడు. నాకు తలెత్తి మాట్లాడడానికి నోరు రాలేదు.

చట్టం సంగతి పెద్దలు తేలుస్తారు. మనం చేయగలిగింది ఒకటుంది. మీ ఊళ్ళలో అటువంటి బడులు నడిపిన పంతుళ్ళ పేర్లు, వారు పనిచేసిన సంవత్సరాలు మీకు గుర్తుంటే ఒక పుస్తకంలో రాసి పెట్టండి. మనకు వాళ్ళే కదా రాత నేర్పింది.