ప్రభకు దారి, బండికి బ్రేకు

కోనసీమ ప్రభల తీర్థంలో, కనుమ నాడు, రుద్రుణ్ని నిలిపి మోసే గంగలకుర్రు అగ్రహారం ప్రభ ఎగువ కౌశికలో దిగుతుంది. మోసేవాళ్లు పీకల్లోతు నీళ్లలో ‘అశ్శరభ శరభ’ అంటూ ఆవలి గట్టెక్కి, పంటచేల మీదుగా జగ్గన్నతోటకు సాగుతారు. చేను తొక్కారని ఏ రైతూ తగువుకు రాడు. పదకొండు ఊళ్ల రుద్రులు కొలువుతీరే ఆ తోట దగ్గర పోలీసుల చేతిలో ఉన్నది ప్రభను ఆపడం కాదు, బళ్లను ఆపడం.

చట్టం మాత్రం వేరేలా చెబుతుంది. 1861 పోలీసు చట్టం 30వ సెక్షన్ ప్రకారం ఊరేగింపు ఏ దారిన, ఏ వేళకు వెళ్లాలో చెప్పేది పోలీసు అధికారే. పండగల్లో వీధిలో మేళం ఎంత మోగాలన్నదీ ఆయన చేతిలోనే. ఆ వెంటనే 31వ సెక్షన్ రోడ్లతోపాటు ఘాట్లు, రేవుల దగ్గర కూడా క్రమం కాపాడాలంటుంది. ఆ మాట కోనసీమను చూసి రాసినట్టే ఉంటుంది!

ఇక్కడ చాలాకాలం ట్రాఫిక్ అంటే రేవు దాటించే పంటే. ముమ్మిడివరం వైపు వాళ్లు కాకినాడ వెళ్లాలంటే ఎదుర్లంక రేవులో గోదావరి దాటాలి, లేదంటే రావులపాలెం చుట్టు తిరగాలి. 2002లో లోక్‌సభ స్పీకర్‌గా పనిచేసిన బాలయోగి పేరిట యానాం–ఎదుర్లంక వారధి వచ్చాకే ఆ తిప్పలు తీరాయి. అటు సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి మాత్రం పంటు మీదే బళ్లు దాటాయి.

ఇప్పటికీ ఇక్కడ గస్తీ తేలిక కాదు. చాలా రోడ్లు కాలువగట్లే. ఓ పక్క నీళ్లు, మరో పక్క చేలు. తనిఖీకి లారీని పక్కకు తీయిద్దామంటే పక్కంటూ ఉండదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే కేసు అన్న నియమం అన్నిచోట్లా ఒకటే గాని, గట్టు మీద తూలినవాడికి జరిమానాకన్నా ముందు కాలువ ఎదురవుతుంది. మార్గం మళ్లింపు కాగితం మీద తేలికే. వైనతేయ పాయ మీది వంతెనపై రాకపోకలు స్తంభిస్తే రాజోలు బండిని ఎటు మళ్లిస్తారు?

2022 మే 24న కోనసీమ జిల్లా పేరు మార్పు మీద అమలాపురం భగ్గుమన్నాక 144వ సెక్షన్‌తోపాటు ఈ 30వ సెక్షన్ కూడా పెట్టారు. 2023 జనవరి 2న రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన ఒకటో నంబరు జీవోకూ ఆ చట్టమే ఆధారం. ఆ ఏడాది మే నెలలో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది.

జీవో వచ్చిన ఆ జనవరిలోనే, 26న ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటంగా ప్రభల తీర్థమే కదిలింది. కాలువ లేదు, చేను లేదు. ప్రభ బండెక్కి, గీసిన దారిలో, ఇచ్చిన వేళకు సాగిపోయింది.