అశ్వచికిత్స

అశ్వచికిత్స యను మాట వినినంతనే నావంటి పాతచదువులవారికి నకులుడు జ్ఞప్తికి వచ్చును. విరటుని కొలువున దామగ్రంథి యను పేర గుఱ్ఱములను కాచినవాడాయనయే. ఆయన పేరిట అశ్వచికిత్సితమను సంస్కృత గ్రంథము కలదు. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసమును రచించెను. అట్టి శాస్త్రములలో గుఱ్ఱము పరీక్షింపబడునది, మనుష్యుడు పరీక్షించువాడు. అశ్వముయొక్క చికిత్స గనుక అది షష్ఠీతత్పురుషము. నేడు నేను మనవి చేయబోవునది అది కాదు. అశ్వముచేత చేయబడు చికిత్స, తృతీయాతత్పురుషము. ఇందు గుఱ్ఱమే వైద్యుని చేతిలోని సాధనము, మనుష్యుడు రోగి. సమాసములో విభక్తి యొక్కటి మాఱుటకు లోకమునకు ఎన్నియో శతాబ్దములు పట్టినది.

నేను సికిందరాబాదు వాడను. నా చిన్ననాట, అనగా 1970 ప్రాంతమున, రైలు స్టేషనుకడ జట్కాలు నిలిచియుండెడివి. మా వీధిలో ఒక జట్కా సాయబు కాపురముండెను. ఆయన పొరుగింట ఎనిమిదేండ్ల బాలు డొకడు. పుట్టుకతోనే వాని కాళ్లు కఱ్ఱలవలె బిగిసి, కత్తెర యాకుల వలె ఒకదానిపై నొకటి పడుచుండెను. మెడ నిలువదు, గోడ కానించినగాని కూర్చుండలేడు. తల్లి చంకనెత్తుకొని తిరుగుచుండెను. సాయబు ప్రొద్దుననే బండి పూన్చుటకు ముందు గుఱ్ఱము వీపున గోనెపట్టా మడిచి వేసి, ఆ బాలుని దానిపై నెక్కించి, ఒక ప్రక్క తాను, ఒక ప్రక్క తల్లి పట్టుకొనగా, వీధి చివర వేపచెట్టు దాక మెల్లగా నడిపించి తెచ్చుచుండెను. దింపిన పిమ్మట ఆ బాలుడు కొంతసేపు మా యరుగుమీద గోడ నానకయే కూర్చుండుట నేను కన్నులార చూచితిని. అది సాయబు దయ యని యెంచితిమే కాని అందొక శాస్త్రమున్నదని మాలో నెవ్వరు నెఱుగరు.

మా యూరు గుఱ్ఱముల యూరే. 1798లో నిజాము ఆంగ్లేయులతో సంధి చేసికొన్న తరువాత వారి సైన్యము హుస్సేను సాగరమునకు ఉత్తరమున విడిసెను. 1806లో సికందర్ జా పేరిట ఈ దండు సికిందరాబాదయ్యెను. తిరుమలగిరి, బొల్లారము వైపున రౌతు పటాలములు వెలసెను. దక్కను హార్సు అను పటాలము మూలము 1790 నాటిది. ఆ పటాలమువారే 1916 జూలై 14న ఫ్రాన్సు దేశమున సోమ్ యుద్ధములో హైవుడ్ కడ బల్లెములు ధరించి మరతుపాకుల కెదురుగా గుఱ్ఱములను దుమికించిరి. 1896లో బెంగుళూరునుండి వచ్చిన హుస్సారు దొరలు హైదరాబాదున గోల్కొండ కప్పు పోలో పందెమును గెలిచికొనిపోయిరి. ఆ జట్టులో యువకుడైన చర్చిలు కూడ నుండెను. బొంబాయిలో ఓడ దిగునప్పుడు ఆయన కుడిభుజము కీలు తొలగెను. ఆ బాధ జీవితాంతము వదలలేదు. అయినను పోలో మానలేదు.

ఇంతవఱకు గుఱ్ఱము రాజులది, రౌతులది, దొరలది. ఈ నియమ మెంత గట్టిదో ఒక్క ఉదాహరణము చెప్పెదను. 1948 లండను ఒలింపిక్ క్రీడలలో డ్రెస్సేజి యను అశ్వవిన్యాసమున స్వీడను జట్టు స్వర్ణపతకము గెలిచెను. జట్టులో ఒకడు అధికారి కాడు, సార్జెంటు మాత్రమే యని మఱుసటి యేడు ఆ పతకమును తీసివేసిరి! గుఱ్ఱముపై బాగుగా స్వారి చేయుట చాలదట, భుజమున తగిన బిళ్లకూడ ఉండవలెనట. ఈ యపహాస్యము పిమ్మట నియమము సడలెను. 1952లో హెల్సింకి క్రీడలనుండి సైనికేతరులకును స్త్రీలకును డ్రెస్సేజిలో ప్రవేశము లభించెను.

ఆ తలుపు తెఱచిన సంవత్సరమే లోపలికి వచ్చిన వనిత లిస్ హార్టెల్. ఈమె డెన్మార్కు దేశస్థురాలు, 1921లో పుట్టినది. 1944లో గర్భవతిగా నున్నపుడు పోలియో సోకి కాళ్లు చేతులు పడిపోయెను. బిడ్డ క్షేమముగా జన్మించినది. తల్లి పట్టుదలతో చేతులను, తొడలను కొంత స్వాధీనమునకు తెచ్చుకొనెను గాని మోకాళ్లకు దిగువ కదలిక తిరిగి రాలేదు. గుఱ్ఱ మెక్కుటకును దిగుటకును ఒకరు సాయపడవలసినదే. జూబిలీ యను తన గుఱ్ఱమునకు మడమలతో కాక, నడుము మొగ్గుతోను శరీరభారముతోను ఆజ్ఞల నిచ్చుట నేర్చుకొని, హెల్సింకిలో పురుషులతో సమముగా పోటీపడి రజతపతకము గెలిచెను. స్వర్ణము గెలిచిన స్వీడను వీరుడు హెన్రీ సాంసీర్ తానే ఆమెకు చేయూతనిచ్చి పతకవేదిక నెక్కించెను. 1956లో ఆమె మరల రజతమే గెలిచినది.

ఆమె విజయము చూచి యూరపు దేశములలో అంగమర్దన వైద్యులు, అనగా ఫిజియోథెరపిస్టులు, బిడ్డలను గుఱ్ఱములపై కూర్చుండబెట్టి పరీక్షింప మొదలిడిరి. 1969లో ఇంగ్లండున వికలాంగుల అశ్వారోహణ సంఘము స్థాపితమయ్యెను. అదే యేట అమెరికాలోను ఒకటి. 1996 అట్లాంటా పారాలింపిక్ క్రీడలనుండి డ్రెస్సేజి స్థిరముగా నిలిచినది. మన దేశమున బెంగుళూరు, చెన్నై నగరములందు అశ్వశాలలవారు ఈ పని చేపట్టినారు.

ఇందలి కిటుకు నడకలో నున్నది. మనము నడచునపుడు కటిభాగము ముందు వెనుకలకు, ప్రక్కలకు, పైకి క్రిందికి కదలుచు కొంచెము తిరుగుచుండును. గుఱ్ఱము మెల్లగా నడచునపుడు దాని వీపు కదలిక ఇంచుమించు అదియే. నడవలేని బిడ్డ దానిపై కూర్చుండగా, నిమిషమునకు సుమారు 100 మారులు ఆ కదలిక వాని నడుమునకు అందును. అందినప్పుడెల్ల ఒరిగిపోకుండుటకు వెన్ను, మెడ తమంతట సర్దుకొనవలెను. బల్లపై పరుండి చేయు వ్యాయామమున ఇది దొరకదు. మఱియు గుఱ్ఱపు మేను సుమారు 38 డిగ్రీలు, మనకంటె కొంచెము వెచ్చన. ఆ వెచ్చదనమునకు, కాళ్లు విడదీసి కూర్చుండుటకు, బిగిసిన తొడ కండరములు సడలును. మస్తిష్క పక్షవాతమున్న బిడ్డలకు కూర్చుండు నిలకడ మెరుగగునని పరిశోధనలు కొన్ని చెప్పుచున్నవి. అంతమాత్రమున రోగము పోవునని కాదు. గుఱ్ఱ మెక్కించి నడిపించెదనని రొక్క మడుగువానిని నమ్మవలదు.

కూర్చుండుటయేనా యని పెద్దలు అనవచ్చును. కూర్చుండగలిగిన బిడ్డ ముద్ద మ్రింగును, పలక పట్టును, ఎదుటివాని మొగము చూచును. నేను ఉపాధ్యాయుడనైన క్రొత్తలో ఒక తండ్రి తన కొడుకు నెత్తుకొని వచ్చి బడిలో చేర్చుకొమ్మని వేడగా, కూర్చుండలేనివాడు చదువుటెట్లని పంపివేసితిని. మా యరుగుమీది బాలుడు అప్పుడు నా మనస్సునకు తట్టలేదు. భారతమున నలుని కథ పిల్లలకు ఎన్ని మారులు చెప్పితినో! కర్కోటకుడు కఱచి వికృతరూపుడైన నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణునికడ చేరగా, ఆ రాజు వాని కుఱుచ చేతులను చూచి పొమ్మనలేదు, గుఱ్ఱము లప్పగించెను. పాఠము చెప్పినవాడను నేనే, పంపివేసినవాడను నేనే.

నేడు అట్లు పంపివేయుటకు చట్టము ఒప్పదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములను గుర్తించినది; మస్తిష్క పక్షవాతము అందొకటి. మా సికిందరాబాదుననే 1977లో స్వీకార్ సంస్థయు, 1984లో బోయినపల్లికడ మనోవికాసనగరమున మానసిక వికలాంగుల జాతీయ సంస్థయు ఏర్పడినవి. జాతీయ సంస్థ పేరిప్పుడు మాఱినది, స్థలము మాఱలేదు. ఒకప్పుడు రౌతులు సాము చేసిన దండుప్రదేశమున ఈనాడు తల్లులు బిడ్డల నెత్తుకొని దిగుచున్నారు.

మీ యూరి పెండ్లిగుఱ్ఱమును తెచ్చి బిడ్డను ఎక్కింపవలదని ప్రత్యేకముగా మనవి. మా సాయబునకు కీడు జరుగకపోవుట అదృష్టము. ముందు వైద్యుని చూపవలెను. తుంటి కీలు తొలగినవారికి, మెడ యెముకలు వదులైనవారికి, అదుపులేని మూర్ఛ గలవారికి ఇది ప్రమాదము. గుఱ్ఱము ఉలికిపాటు లేనిదై యుండవలెను. కళ్లెము పట్టువా డొకడు, ఇరుప్రక్కల ఇద్దరు, వీరిని నడపు ఫిజియోథెరపిస్టు, బిడ్డ తలకు శిరస్త్రాణము తప్పవు. దొరకని చోట, వైద్యుడు నేర్పిన వ్యాయామము ఇంటనే ప్రతిదినము చేయింపవచ్చును.

మా వీధిలో ఆ సవారి రెండేండ్లు సాగినది. పిమ్మట గిరాకీ తగ్గి సాయబు గుఱ్ఱము నమ్ముకొనెను. ఆ యుదయము గుఱ్ఱమును తోలుకొనిపోవుటకు ముందు, ఎప్పటివలెనే గోనెపట్టా మడిచి వేసి, వేపచెట్టు దాక బాలుని త్రిప్పి తెచ్చెను.