టైరు అంటే సింగారం

టైరు అనగానే మనకు రబ్బరు, గాలి, పంక్చరు షాపు గుర్తొస్తాయి. నాలుగు వందల ఏళ్ల కిందట లండన్‌లో ఆ మాటకు ముస్తాబు అని అర్థం. పాత ఫ్రెంచి నుంచి వచ్చిన ‘అటైర్’ మొదటి అక్షరం రాలిపోయి ‘టైర్’ అయింది. కట్టూబొట్టూ, జుట్టు దిద్దుకోవడం, తల మీది నగ అన్నీ దాని కిందికే వచ్చేవి. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో యెజెబెలు తల సింగారించుకున్న చోట వాడిన క్రియ ఇదే.

1599లో కట్టిన గ్లోబ్ లాంటి నాటకశాలల్లో వేదిక వెనక నటులు వేషాలు మార్చుకునే చోటు ‘టైరింగ్ హౌస్’. మన ‘నేపథ్యం’ కూడా ఇలాంటిదే. సంస్కృతంలో దానికి వేషం, అలంకారం అన్న అర్థాలున్నాయి. ఇప్పుడు మనకు పాటల వెనక గొంతుగా, సంగతుల వెనక సందర్భంగా మిగిలింది.

షేక్స్‌పియర్ 1604 ప్రాంతంలో సిల్వర్ స్ట్రీట్‌లో అద్దెకున్న ఇల్లు ఓ టైర్ తయారీదారుడిది. పేరు క్రిస్టఫర్ మౌంట్‌జాయ్, ఫ్రాన్స్ నుంచి వలస వచ్చినవాడు. బంగారు తీగ, పట్టు, ముత్యాలతో గొప్పింటి ఆడవాళ్లకు తలకట్టులు అల్లేవాడు. కూతుర్ని తన దగ్గర పని నేర్చుకున్న స్టీఫెన్ బెలాట్‌కిచ్చి పెళ్లి చేశాడు. కట్నం ముట్టలేదని అల్లుడు కోర్టుకెక్కాడు. ఆ పెళ్లి కుదరడానికి మాటసాయం చేసిన షేక్స్‌పియర్ 1612లో సాక్ష్యం చెప్పాడు. సొమ్మెంతో గుర్తులేదన్నాడు. ఆ వాంగ్మూలం కింద ఆయన సంతకం నేటికీ ఉంది. అంత పెద్ద కవి ఓ ఇంటి పెళ్లి మాటల్లో కూర్చున్నాడని తెలిస్తే నాకు ఆయన ఒక్కసారిగా దగ్గరివాడైపోతాడు.

మరి చక్రానికీ సింగారానికీ ఏమిటి సంబంధం? చక్రానికి తొడిగే ఇనుమును దాని దుస్తులనుకున్నారని నిఘంటుకారులు ఎక్కువమంది భావిస్తారు. మొదట్లో ఇనుప ముక్కలు వరసగా మేకులతో కొట్టేవారు. తర్వాత ఒకటే పట్టా వచ్చింది. మన ఊళ్లలో బండి చక్రానికి వేసినట్టే, కాస్త చిన్నదిగా చేసిన పట్టాను ఎర్రగా కాల్చేవారు. అది సాగగానే చక్రానికి ఎక్కించి నీళ్లు గుమ్మరించేవారు. ఆవిరి లేచేది, కొయ్య కిర్రుమనేది, వదులుగా ఉన్న ఆకులు బిగుసుకునేవి.

బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు డన్‌లప్ 1888లో గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం రబ్బరు గొట్టంలో గాలి నింపి, దాని చుట్టూ ఆయన చుట్టింది గుడ్డే.