గొడార్డ్ కళాశాల

గొడార్డ్ కళాశాల అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని వెర్మాంట్ రాష్ట్రమునందు, ప్లెయిన్‌ఫీల్డ్ అను చిన్న ఊరిలో 1938 నుండి 2024 వరకు నడచిన ప్రయోగాత్మక విద్యాసంస్థ. పరీక్షలు, మార్కులు లేని చదువుకు, ఉద్యోగము, సంసారము వదలకుండా వయోజనులు పట్టా పొందుటకు వీలైన విధానమునకు ఈ కళాశాల ప్రసిద్ధి చెందినది. 1963లో ఇక్కడ ప్రారంభమైన వయోజన పట్టా కార్యక్రమము ఆ తరువాత అనేక కళాశాలలకు నమూనా అయినది.

స్థాపన

ఈ సంస్థ మూలములు 1863లో బారే పట్టణములో యూనివర్సలిస్టు క్రైస్తవులు నెలకొల్పిన పాఠశాలలో ఉన్నవి. 1870లో దానికి గొడార్డ్ సెమినరీ అని పేరు పెట్టారు. 1930లలో ఆ పాఠశాల ఆర్థికముగా క్షీణించినది. అందులోనే చదువుకొన్న రాయిస్ పిట్కిన్ దానిని కొత్త తరహా కళాశాలగా మార్చుటకు పూనుకొన్నాడు. ఆయనపై తత్త్వవేత్త జాన్ డ్యూయీ భావముల ప్రభావము ఎక్కువ. 1938లో ప్రభుత్వ అనుమతి లభించిన పిదప కళాశాల ప్లెయిన్‌ఫీల్డ్‌లోని గ్రేట్‌వుడ్ అను వ్యవసాయ క్షేత్రమునకు తరలినది. అక్కడి కొట్టాలనే మరమ్మతు చేసి వాడుకొన్నారు. గడ్డి నిలువచేసే కొట్టము నాటకశాల అయినది. పిట్కిన్ 1969 వరకు అధ్యక్షుడుగా ఉన్నాడు.

బోధనా విధానము

అనుభవము ద్వారానే నిజమైన చదువు వస్తుందనునది ఈ కళాశాల మూలసూత్రము. విద్యార్థి తాను ఏమి నేర్వదలచినాడో తానే నిర్ణయించుకొని, అధ్యాపకుని సలహాతో అధ్యయన ప్రణాళిక వ్రాసుకోవలసి ఉండేది. మార్కులకు బదులుగా విద్యార్థి తన పనిని గురించి ఒక సమీక్ష, అధ్యాపకుడు మరొక సమీక్ష వ్రాసేవారు. ఆవరణలోని పనులలో విద్యార్థులు పాలుపంచుకొనేవారు. కళాశాల వ్యవహారములను అందరూ కలిసి చర్చించేవారు.

వయోజన పట్టా కార్యక్రమము

చదువు మధ్యలో ఆగిపోయిన పెద్దలు తిరిగి కళాశాలకు రావలెనన్న కోరిక ఉన్నా, నాలుగు సంవత్సరములు వసతిగృహములో ఉండుట వారికి సాధ్యము కాదు. ఈ చిక్కుకు పరిష్కారముగా, ఇదే కళాశాల పట్టభద్రురాలైన ఎవలిన్ బేట్స్ కృషితో 1963లో కొత్త కార్యక్రమము మొదలైనది. విద్యార్థులు ఆరు నెలలకొకసారి కొద్ది రోజులు కళాశాలకు వచ్చి అధ్యాపకులను కలుసుకొని ప్రణాళిక సిద్ధము చేసుకొనేవారు. తరువాత ఇంటివద్దనే చదువుతూ, వ్రాసిన పనిని నిర్ణీత గడువులలో తపాలా ద్వారా పంపేవారు. అధ్యాపకుడు ప్రతిసారి విపులమైన ఉత్తరముతో సమాధానమిచ్చేవాడు. ముందే అచ్చువేసిన పాఠములను అందరికీ పంపు దూరవిద్యకు, దీనికి ఉన్న ముఖ్యమైన తేడా ఇదే.

1976లో కవయిత్రి ఎలెన్ బ్రయంట్ వాయిట్ ఈ పద్ధతిలోనే సృజనాత్మక రచనలో స్నాతకోత్తర కార్యక్రమమును రూపొందించినది. నేడు అమెరికాలో ఇటువంటి రచనా కార్యక్రమములు అనేకము ఉన్నవి.

క్షీణత, మూసివేత

1970ల ఆరంభములో విద్యార్థుల సంఖ్య 1,900 దాటినది. అయితే కళాశాలకు చెప్పుకోదగిన మూలనిధి లేదు. ఖర్చు ప్రధానముగా విద్యార్థుల రుసుములపైనే ఆధారపడినది. అందువలన సంఖ్య తగ్గినప్పుడల్లా సంక్షోభము తలెత్తేది. 1981లో కొన్ని కార్యక్రమములను నార్విచ్ విశ్వవిద్యాలయమునకు అప్పగించవలసి వచ్చినది. 2002లో ఆవరణలో నివసించి చదివే పట్టా తరగతులను నిలిపివేసి, వయోజనుల కార్యక్రమములను మాత్రమే కొనసాగించారు. ఇతర కళాశాలలు కూడా ఇదే పద్ధతిని చేపట్టుటతో పోటీ పెరిగినది. 2024 నాటికి విద్యార్థులు 220 మందే మిగిలారు. ఆ సంవత్సరము ఏప్రిల్‌లో మూసివేత ప్రకటించబడినది. చదువు పూర్తికాని వారు అరిజోనాలోని ప్రెస్కాట్ కళాశాలలో కొనసాగుటకు ఏర్పాటు చేయబడినది.

ప్రముఖ పూర్వ విద్యార్థులు

* డేవిడ్ మామెట్ - నాటక రచయిత
* విలియం హెచ్. మేసీ - నటుడు
* పేజ్ మెక్‌కానెల్ - ఫిష్ సంగీత బృంద సభ్యుడు