యెన్ కింద నలిగిన బండి

1985 సెప్టెంబర్ 22, ఆదివారం. న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్‌.

అమెరికా, జపాన్, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ ఆర్థిక మంత్రులు సమావేశమయ్యారు. డాలర్ దిగాలి, యెన్ ఎక్కాలి. అదీ ఒప్పందం. జహీరాబాద్ అనే ఊరొకటి ఉందని ఆ గదిలో ఎవరికీ తెలిసి ఉండదు. కానీ ఆ రోజు పడిన దెబ్బ సూటిగా అక్కడికే వచ్చి తగిలింది.

ఆల్విన్ కల

హైదరాబాద్ ఆల్విన్ పుట్టింది 1942లో, నిజాం ఏలుబడిలో. తర్వాత రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయింది. బస్సు బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది, జపాన్ సీకో సాయంతో వాచీలూ తెచ్చింది. ఇక మిగిలింది సొంత బండి. జపాన్ నిస్సాన్‌తో చేయి కలిపి, అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో, బొంబాయి రహదారి పక్కన ఫ్యాక్టరీ పెట్టింది. నిస్సాన్ క్యాబ్‌స్టార్ మినీ లారీ అక్కడ ఆల్విన్ నిస్సాన్‌గా తయారైంది.

పోటీకి మరో ముగ్గురున్నారు: సూరజ్‌పూర్‌లో డీసీఎం టయోటా (మనవాళ్లు ఇప్పటికీ మినీ లారీని డీసీఎం అంటున్నది దాని పేరుతోనే), పీతంపూర్‌లో ఐషర్ మిత్సుబిషి, పంజాబ్‌లో స్వరాజ్ మజ్దా. నలుగురిదీ ఒకటే దారి: జపాన్ నుంచి విడిభాగాలు తెప్పించడం, ఇక్కడ బిగించడం, ఏటేటా స్వదేశీ భాగాలు పెంచుకుంటూ పోవడం.

దెబ్బ

అలా పెంచుకునేందుకు గడువు దొరకనేలేదు. ప్లాజా ఒప్పందానికి ముందు డాలర్‌కు సుమారు 240 యెన్లు. 1987 చివరికొచ్చేసరికి 120 దరిదాపు. అదే ఇంజిన్, అదే గేర్‌బాక్సు; బిల్లు మాత్రం రూపాయల్లో కొండెక్కింది. సరిగ్గా అప్పుడే, 1986లో, టాటా 407 రోడ్డెక్కింది. అది ఇక్కడి డిజైన్, ఇక్కడి భాగాలు. యెన్ ఎంత పెరిగినా దానికి పట్టదు.

మరి మనకు ఇనుముకు కరువా? రాయ్‌పూర్ పక్కన భిలాయిలో 1959 నుంచే ఉక్కు కొలిమి మండుతోంది. లోటు ఉక్కులో లేదు. ఆ ఉక్కును ఇంజిన్‌గా, గేర్‌గా మలిచి, అడిగిన రోజుకు అందించే చిన్న ఫ్యాక్టరీలు జహీరాబాద్ చుట్టుపక్కల చాలినన్ని లేవు. అవి లేనిచోట బండి ధరను నిర్ణయించింది టోక్యో మారకం రేటు.

చేతులు మారిన ఫ్యాక్టరీ

1989లో మహీంద్రా ఆల్విన్ నిస్సాన్‌ను తీసుకుంది. కొన్నేళ్లకు ఆ పేరు బండ్ల మీద కనుమరుగైంది. మాతృసంస్థ ఆల్విన్ కూడా తొంభైలలో నిలవలేదు. ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్‌కు వెళ్లింది. హైదరాబాద్‌లో ఆల్విన్ కాలనీ, ఆల్విన్ చౌరస్తా మిగిలాయి.

జహీరాబాద్ ఫ్యాక్టరీ మాత్రం మూతపడలేదు. ఇప్పుడక్కడ మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి. అంటే ఓడింది ఆ స్థలమూ కాదు, అక్కడి పనివాళ్లూ కాదు. మారకం రేటు తిరగబడదన్న లెక్క ఓడింది.