ఉబ్బ నుంచి డ్రైక్లీనింగ్ దాకా: ఉతికే చేతుల చరిత్ర

కౌటిల్యుడి అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో చాకలివారికి విధించిన నియమాలు ఉన్నాయి. చెక్క పలక మీద గానీ నున్నటి రాతి మీద గానీ ఉతకాలి. మరోచోట ఉతికితే బట్టకు కలిగిన నష్టంతోపాటు 6 పణాల జరిమానా. చాకలివారు గద ముద్ర ఉన్న బట్టే కట్టుకోవాలి, లేనిది కట్టుకుంటే 3 పణాలు. ఇతరుల బట్టలు అమ్మినా, అద్దెకిచ్చినా, తాకట్టు పెట్టినా 12 పణాలు. కూలి కూడా రాసి ఉంది: మేలు రకానికి పణం, నడి రకానికి అర పణం, నాసి రకానికి పావు. మనుస్మృతిదీ అదే ధోరణి. బూరుగు చెక్క మీద మెల్లగా ఉతకాలనీ, ఒకరి బట్టలు మరొకరికి ఇవ్వకూడదనీ శాసించింది.

ఈ శాసనాల్లో బట్టకు రక్షణ ఉంది, బట్ట గలవాడికి రక్షణ ఉంది. ఉతికే మనిషి ఒంటి గురించి ఒక్క మాట లేదు. ఈ వృత్తి నడిచివచ్చిన దారిని వెనక్కి తిరిగి చూస్తే ఆ లోటు ఇంకా పూర్తిగా పూడలేదనిపిస్తుంది. చవుడు మట్టి పోయి సబ్బు వచ్చింది, సబ్బు పక్కకు రసాయన ద్రావకం వచ్చింది, రేవు పోయి యంత్రశాల వచ్చింది. ప్రతి మలుపులోనూ ముందు చూసుకున్నది బట్టనే.

తెలుగు పల్లెలో ఈ పని ఎలా సాగేదో ఈ తరానికి కాస్త వివరంగానే చెప్పాలి. తెల్లవారకముందే ఇంటింటికీ తిరిగి మాసిన బట్టలు మూట కట్టాలి. గాడిద ఉంటే దాని మీద, లేకపోతే నెత్తిన పెట్టుకుని చెరువుకో ఏటికో చేర్చాలి. తెల్లబట్టలను చవుడు కలిపిన నీళ్లలో నానబెట్టి, పిండి, పెద్ద బాన మీద వరసగా పేర్చి, కింద మంట పెట్టేవారు. నీళ్లు మరిగి ఆవిరి బట్టల్లోంచి పైకి పోవాలి. దీన్నే ఉబ్బ వేయడం అనేవారు. రాత్రంతా మంట ఆరకుండా ఒకరు కాపలా ఉండాలి. పొద్దున్నే బండ మీద బాది, జాడించి, ఇసుకలో ఆరేసి, నీలిమందు, గంజి పెట్టి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో మడతలు తీర్చేవారు. పట్టుబట్టలకు చవుడు పనికిరాదు, కుంకుడు రసం కావాలి. ఏ మరకకు ఏది వాడాలో, ఏ నేత ఎంత వేడికి తట్టుకుంటుందో వాళ్లకు తెలుసు. బడిలో రసాయన శాస్త్రంగా బోధించే విషయాలను తాతల కాలం నుంచి చేతివేళ్లతో నేర్చుకున్నవాళ్లు వీళ్లు. ఆ జ్ఞానాన్ని మనం జ్ఞానంగా ఎన్నడూ గుర్తించలేదు. అది మన తప్పు.

ఆ జ్ఞానానికి ఒళ్లు చెల్లించిన మూల్యమూ ఉంది. రోజంతా మోకాటి లోతు నీళ్లలో నిలబడితే కాలివేళ్ల సందులు పాసిపోతాయి. చవుడు చేతుల తోలు తినేస్తుంది. వంగి వంగి బాదిన నడుము నలభై ఏళ్లకే లేవదు. మగవాళ్లు మూటలు మోసి, బండ మీద బాదితే, ఇళ్లకు తిరిగి బట్టలు తేవడం, పురిటి బట్టలు, ముట్టు బట్టలు, చావింటి మైల బట్టలు ఉతకడం ఎక్కువగా ఆడవాళ్ల వంతు. ఇంత చేసినందుకు కల్లంలో ధాన్యంగా కొలిచే మేర, సాయంత్రం ఇంటింటా గిన్నెలో పెట్టే అన్నం. పండిన ఏడు మేర దొరికేది, ఎండిన ఏడు అదీ ఉండేది కాదు. పెళ్లిలో దివిటీ పట్టాలి, ఊరేగింపు ముందు బట్టలు పరవాలి, శవం వెంట నడవాలి. పక్కవాళ్ల మైల పోగొట్టే మనిషినే మైలగా చూడటం ఈ వ్యవస్థలోని అతి పెద్ద అన్యాయం.

సాహిత్యం వీళ్లకు ఇచ్చిన చోటు కూడా గమనించాలి. సీత మీద నింద వేసినవాడు చాకలి అని మనకు గట్టిగా గుర్తుంది. 1963 నాటి ‘లవకుశ’లో ఆ పాత్ర రేలంగి వేయడంతో అది మరింత ప్రచారమైంది. వాల్మీకి ఉత్తరకాండలో మాత్రం ఆ చాకలి కనిపించడు. ఊళ్లో జనం ఏమనుకుంటున్నారో భద్రుడనే వాడు రాముడికి చెబుతాడు, అంతే. నింద మోసే మనిషిగా చాకలిని నిలబెట్టినవి తరువాతి కథలు. దీనికి ఎదురుగా పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో మడివాలు మాచయ్యను మహాభక్తుడిగా నిలిపాడు. శివభక్తుల బట్టలే ఉతికిన ఆ మాచయ్యను రజకులు ఇప్పటికీ తమ కులగురువుగా కొలుస్తారు.

సోమనాథుడి ఊరు ఇప్పటి జనగామ జిల్లాలోని పాలకుర్తి అని చెబుతారు. ఏడు శతాబ్దాల తరువాత అదే పాలకుర్తిలో ఒక రజక స్త్రీ దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచింది. నిజాం రాజ్యంలో వెట్టిచాకిరి కింద నలిగిన కులాల్లో చాకలివారు ముందు వరసలో ఉంటారు. గడీలో బట్టలుతకడంతో పని అయిపోయేది కాదు. అంట్లు తోమడం, వడ్లు దంచడం, వచ్చిన అధికారుల బసకు సేవ చేయడం, అన్నీ కూలి లేకుండానే. 1921లో హైదరాబాద్‌లో పుట్టిన ఆంధ్ర జనసంఘం తొలినాళ్లలోనే వెట్టి మీద గొంతెత్తింది. పాలకుర్తిలోని ఆ రజక స్త్రీ, చిట్యాల అయిలమ్మ, మల్లంపల్లి మక్తా భూమి కౌలుకు తీసుకుని సొంతంగా సేద్యం మొదలుపెట్టింది. చాకలిది భూమి దున్నడం విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డికి మింగుడు పడలేదు. 1940లలో పండిన పంటను ఎత్తుకుపోవడానికి మనుషులను పంపాడు. ఆ జనసంఘం నుంచి ఎదిగిన ఆంధ్ర మహాసభ కార్యకర్తలు అయిలమ్మ పక్షాన నిలబడి, పంట కోసి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. తెలంగాణ సాయుధ పోరాటానికి దారి వేసిన ఘటనల్లో ఇదొకటి. ఈ కథను భూమి కథగా చెప్పుకుంటాం. నా దృష్టిలో అది చాకిరి కథ కూడా. ఉతికి బతకాలని రాసిపెట్టిన కులంలో పుట్టి, ఆ రాతను కాదన్న మొండితనమే ఆ పొలం గట్టు మీద నిలబడింది. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

ఊరు దాటి పట్నానికి వచ్చినవాళ్ల కథ వేరు. 1806లో ఏర్పడిన సికింద్రాబాద్ వంటి కంటోన్మెంట్లు, రైల్వే కాలనీలు, ఆసుపత్రులు, హోటళ్లు రోజూ మూటల కొద్దీ బట్టలు విడిచేవి. మేర పోయి లెక్క వచ్చింది. ఉతికిన బట్టకు ఇంత, ఇస్త్రీకి ఇంత. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి నల్లజీడి గింజలో సూది గుచ్చి ఆ రసంతో గుర్తు పెట్టి సున్నం అద్దేవారు. ఎన్నిసార్లు ఉడకబెట్టినా ఆ గుర్తు పోదు. ఆ రసం తోలుకు తగిలితే బొబ్బలెక్కిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశానికి వచ్చిన అమెరికా సైనికులకు చొక్కా మెడపట్టీ గుర్తు తగిలినచోట దద్దుర్లు వచ్చాయి. 1943లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఆ జబ్బు గురించి వ్యాసం వచ్చింది. వ్యాసం సైనికుల మెడల గురించి. రోజుకు వందల గుర్తులు పెట్టిన వేళ్లకు ఏమయ్యేదో ఆ వేళ్లున్నవాళ్లకే తెలుసు.

ఉతికే మనిషి ఒంటిని చట్టం మొదటిసారి గట్టిగా తలచుకున్న సందర్భాల్లో ఒకటి దూరదేశంలో జరిగింది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 1903లో, లాండ్రీల్లో, ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లను రోజుకు 10 గంటలకు మించి పని చేయించకూడదని చట్టం చేసింది. పోర్ట్‌లాండ్‌లో కర్ట్ ముల్లర్ అనే లాండ్రీ యజమాని ఆ హద్దు దాటినందుకు 10 డాలర్ల జరిమానా పడింది. అతను సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు, 1908లో ఓడిపోయాడు. గెలుపు గెలుపే. ఐతే కోర్టు చూపిన కారణం ఆడవాళ్లు బిడ్డల్ని కనాలి కాబట్టి వాళ్ల ఆరోగ్యాన్ని కాపాడాలన్నది. అలసిపోయిన మనిషికి విశ్రాంతి హక్కు ఉందని మాత్రం అనలేదు. అంతకుముందే 1881లో అట్లాంటాలో నల్లజాతి చాకలి స్త్రీలు సంఘం కట్టి, గిట్టుబాటు ధర కోసం సమ్మె చేశారు. రెండు మూడు వారాల్లో సమ్మెలో చేరినవాళ్లు దాదాపు 3,000 అయ్యారు. ఇక్కడ కులం చేసిన పనిని అక్కడ జాతి చేసింది. ఉతికే పని ఎక్కడైనా బలం లేనివాళ్లకే దక్కింది.

డ్రైక్లీనింగ్ కూడా పంతొమ్మిదో శతాబ్దపు పంటే. నీటికి బదులు ద్రావకంతో మురికి వదలగొట్టే పద్ధతి ఇది. న్యూయార్క్‌లోని నల్లజాతి దర్జీ థామస్ జెన్నింగ్స్ 1821లోనే ‘డ్రై స్కౌరింగ్’ పేరిట పేటెంట్ పొందాడు. 1836లో పేటెంట్ కార్యాలయం తగలబడటంతో ఆ పద్ధతి వివరాలు పోయాయి. తరువాత పారిస్‌లో దుకాణాలు వెలిశాయి. మొదట్లో టర్పెంటైన్, పెట్రోలు, బెంజీన్ వాడేవారు. ఒక్క నిప్పురవ్వ చాలు, దుకాణం దుకాణమే తగలబడేది. నిప్పు భయం పోగొట్టడానికి 1930లలో పెర్‌క్లోరోఇథిలిన్ వచ్చింది. పనివాళ్ల నోట ‘పెర్క్’. అది అంటుకోదు, మరకను బాగా లాగుతుంది, బట్టను ముడుచుకోనివ్వదు. బట్టకు ఇంతకన్నా మంచి ద్రావకం లేదన్నారు. పీల్చే మనిషికి తలనొప్పి, కళ్లు తిరగడం. ఏళ్ల తరబడి పీలిస్తే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో చేర్చింది. 2024 డిసెంబరులో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ డ్రైక్లీనింగ్‌లో దాని వాడకాన్ని పదేళ్లలో ఆపేయాలని ఉత్తర్వు ఇచ్చింది. నిప్పు గురించిన భయం దుకాణాన్ని మార్చింది. పీల్చేవాడి ఊపిరి లెక్కలోకి రావడానికి దాదాపు తొంభై ఏళ్లు పట్టింది.

మన పట్టణాల్లో డ్రైక్లీనింగ్ బోర్డున్న చాలా చిన్న దుకాణాల్లో యంత్రం ఉండదు. ముందు గదిలో బట్టలు తీసుకుంటారు, చీటీ రాస్తారు, వెనక ఇస్త్రీ బల్ల ఉంటుంది. మరకకు పెట్రోలు అద్ది గుడ్డతో తుడుస్తారు. పెద్ద పని ఉంటే యంత్రమున్న చోటికి పంపుతారు. పట్టుచీరల రోలింగ్, సూట్ల ప్రెస్సింగ్, జరీ నల్లబడకుండా చూడటం, ఇవన్నీ తేలికైన పనులు కావు. ఒక చీర కాలిపోతే యజమాని కూలిలో కోస్తాడు. చీటీ వెనక రంగు పోతే బాధ్యత మాది కాదని అచ్చు వేసి ఉంటుంది గానీ, ఆ నష్టం చివరికి ఇస్త్రీ చేసిన మనిషి మీదే పడుతుంది. కొత్త తరం యంత్ర లాండ్రీలు హోటళ్లకూ ఆసుపత్రులకూ రైళ్లకూ పని చేస్తున్నాయి. ఆసుపత్రి దుప్పట్లలో మరిచిపోయిన సూదులు వేళ్లకు గుచ్చుకుంటాయి. రక్తపు బట్టలు వేరు చేసే చోట చేతి తొడుగు లేకపోతే ప్రాణం మీదికి రావచ్చు.

ఇంటి వాకిలి దగ్గర మార్పు ఇంకా వేగంగా జరిగింది. 1959లో సర్ఫ్ పొడి, 1969లో నిర్మా, ఇస్త్రీ అక్కర్లేని టెర్లిన్ చొక్కాలు, ఆ వెనక వాషింగ్ మెషిన్. చెరువులు పూడిపోయి రేవులు పోయాయి. రజకుల్లో చాలామంది చదువులోకి, ఆటోలోకి, ఆఫీసుల్లోకి వెళ్లారు. అది మంచిదే. వృత్తిలో మిగిలినవాళ్లు తోపుడు బండి మీద ఇస్త్రీ చేస్తున్నారు. ప్రభుత్వాలు కొంత చేశాయి. తెలంగాణ 2021 ఏప్రిల్ నుంచి రజకుల లాండ్రీలకూ ధోబీఘాట్లకూ నెలకు 250 యూనిట్ల ఉచిత విద్యుత్తు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2020 జూన్‌లో జగనన్న చేదోడు కింద ఏడాదికి 10,000 రూపాయలు మొదలుపెట్టింది. ఉత్తరప్రదేశ్, బిహార్, ఢిల్లీల్లో ధోబీలు షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉంటే, తెలుగు రాష్ట్రాల్లో బీసీ-ఏలో ఉన్నారు. ఆ తేడా మీద దశాబ్దాలుగా నడుస్తున్న డిమాండుకు ఇంకా జవాబు రాలేదు. ఐతే ఇలాంటి సాయమంతా కులానికి, లేదా సొంత దుకాణం ఉన్నవాడికి ఉద్దేశించినది. యంత్రం దగ్గర నెలజీతానికి నిలబడ్డ కుర్రాడికి, వాడు ఏ కులమైనా, ఏ రాష్ట్రం నుంచి వచ్చినా, కావలసింది కార్మికుడిగా రక్షణ.

ఆ రక్షణ ఎక్కడ ఉంది? 1948 ఫ్యాక్టరీల చట్టం ఉతకడాన్ని, శుభ్రపరచడాన్ని తయారీ ప్రక్రియగానే లెక్కించింది. దాని ప్రకారం విద్యుత్తు వాడే చోట 10 మంది ఉంటే అది ఫ్యాక్టరీ కిందికి వచ్చేది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్ ఆ సంఖ్యను 20కి పెంచింది. చిన్న డ్రైక్లీనింగ్ యూనిట్లు చాలావరకు ఆ గీతకు ఇవతలే ఉండిపోతాయి. ఇది వెనకడుగు. పాడైన చీరకు 1986 నాటి వినియోగదారుల చట్టం వచ్చినప్పటి నుంచి పరిహారం అడగవచ్చు. పాడైన ఊపిరితిత్తులకు అడగాలంటే ముందు ఆ మనిషి పేరు ఏదో ఒక హాజరు పట్టీలో ఉండాలి.

దారి లేకపోలేదు. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ ప్రకారం, కేంద్రం ప్రమాదకరమని ప్రకటించిన పనిలో ఒక్క మనిషి ఉన్నా ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) వర్తిస్తుంది. ద్రావకాలతో బట్టలు శుభ్రపరిచే పనినీ, ఆసుపత్రి లాండ్రీలనూ ఆ జాబితాలో చేర్చాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఈ మాట ఢిల్లీకి రాతపూర్వకంగా పంపాలి. రజక సంఘాలు, కార్మిక సంఘాలు కలిసి ఒకే డిమాండుగా అడగాలి. పట్టుచీర లాండ్రీలో ఇచ్చే ప్రతి పాఠకురాలూ, సూటు ఇచ్చే ప్రతి పాఠకుడూ చీటీ తీసుకునేటప్పుడు అక్కడి పనివాళ్లకు ఈఎస్ఐ కార్డు ఉందా అని ఒకసారి అడగండి.