తెలిసినవాడల్లా గురువేనా? – ఆసుపత్రి వార్డు చెప్పే చరిత్ర

విద్యార్థులారా! 'డాక్టర్' అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? లాటిన్ భాషలో 'డొకేరే' అంటే బోధించడం. డాక్టరంటే మొదట గురువనే అర్థం. వైద్యుడన్న అర్థం ఆ తరువాత వచ్చి చేరింది. అయినా, బోధించడం ఎలాగో వైద్యుడికి నేర్పాలన్న ఆలోచన మాత్రం చాలా ఆలస్యంగా పుట్టింది. అది ఎందుకో పరిశీలిద్దాం.

ఒకప్పుడు ఐరోపాలో వైద్యవిద్య చాలావరకు గ్రంథాలు చదివి వినిపించడంతోనే సాగేది. హాలెండ్‌లోని లైడెన్ నగరంలో 1714 నుంచి హెర్మన్ బూర్‌హావ్ 12 పడకల చిన్న వార్డులో, రోగి పక్కనే విద్యార్థులను నిలబెట్టి పాఠం చెప్పాడు. ఆయన శిష్యులు ఆ పద్ధతిని ఎడిన్‌బరోకు, వియన్నాకు తీసుకువెళ్లారు.

తరువాతి మలుపు అమెరికాలోని బాల్టిమోర్‌లో వచ్చింది. అక్కడ జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి 1889లోనూ, దాని వైద్య కళాశాల 1893లోనూ మొదలయ్యాయి. విలియం ఆస్లర్ విద్యార్థులను వార్డుల్లోకి తెచ్చి, రోగుల బాధ్యతలో వారికి భాగం ఇచ్చాడు. పట్టభద్రులైన యువ వైద్యులు కొన్నేళ్లపాటు ఆసుపత్రిలోనే నివసిస్తూ శిక్షణ పొందే ఏర్పాటు కూడా అక్కడే స్థిరపడింది. 'రెసిడెంట్' అన్న పేరు అందుకే వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ప్రొఫెసరు రౌండ్స్ ముగించుకుని వెళ్లిపోతాడు. అర్ధరాత్రి రోగికి ఆయాసం వస్తే విద్యార్థి పక్కన ఉండేది ఎవరు? రెసిడెంటే. ఎవరూ నియమించకుండానే అతడు గురువయ్యాడు. అతనికి బోధించడం వచ్చా అని మాత్రం దశాబ్దాలపాటు దాదాపు ఎవరూ అడగలేదు. తెలిసినవాడు చెప్పగలడులే అనుకున్నారు.

ఆ నమ్మకాన్ని ప్రశ్నించినవారిలో జార్జ్ మిల్లర్ ముఖ్యుడు. ఈ వైద్యుడు 1950లలో బఫెలో విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్ర నిపుణులతో కలిసి, వైద్య అధ్యాపకులకు బోధన నేర్పే ప్రయత్నం చేశాడు. తరువాతి దశాబ్దాల్లో ఆ ఆలోచన రెసిడెంట్లకూ విస్తరించింది. నేడు అమెరికాలో వైద్య కళాశాలల గుర్తింపు ప్రమాణాల ప్రకారం, విద్యార్థులకు బోధించే రెసిడెంట్లను ఆ పనికి సిద్ధం చేయడం తప్పనిసరి.

అయితే పని ఒత్తిడిలో బోధనకు తీరిక ఎక్కడిది? 1992లో జాన్ నెహర్, ఆయన సహచరులు ఐదు మెట్ల పద్ధతి ఒకటి ప్రచురించారు. ఒక ఉదాహరణతో చూద్దాం. ఆయాసంతో వచ్చిన రోగిని హౌస్ సర్జన్ పరీక్షించాడు. రెసిడెంట్ వెంటనే జవాబు చెప్పేయడు. "నువ్వేమనుకుంటున్నావు?" అని అడుగుతాడు. "గుండె బలహీనత" అంటే, "ఎందుకని?" అంటాడు. "రోగి పడుకోలేకపోతున్నాడు, రెండు కాళ్లూ వాచాయి" అని సమాధానం వస్తుంది. అప్పుడు ఒక సూత్రం చెబుతాడు: ఇలాంటి రోగికి మెడ సిరలు ఉబ్బాయేమో తప్పక చూడాలి. "పడుకోగలరా అని అడగడం మంచి పని" అని సరైనదాన్ని మెచ్చుకుంటాడు. "మెడ చూడటం మరిచావు, ఈసారి మరవకు" అని లోపాన్ని దిద్దుతాడు. పట్టేది కొద్ది నిమిషాలే. విద్యార్థి ఆలోచనలో ఎక్కడ తప్పు ఉందో ఆ ప్రశ్నల వల్లే బయటపడుతుంది.

మన దేశం సంగతేమిటి? పుదుచ్చేరిలోని జిప్‌మర్‌లో 1970లలోనే వైద్య అధ్యాపకుల శిక్షణకు జాతీయ కేంద్రం ఏర్పడింది. పి.జి. విద్యార్థులు ఎం.బి.బి.ఎస్. విద్యార్థుల, హౌస్ సర్జన్ల బోధనలో పాల్గొనాలని 2000 నాటి భారత వైద్య మండలి నిబంధనలు చెప్పాయి. కానీ బోధించమనడం వేరు, బోధించడం నేర్పడం వేరు. పి.జి. వైద్యుడు తన ప్రొఫెసరును చూసి నేర్చుకుంటే, ఆయనలోని మంచితోపాటు కసురుకోవడం, నలుగురిలో అవమానించడం కూడా అలవడవచ్చు. అవమానానికి భయపడిన విద్యార్థి తన సందేహాన్ని దాచుకుంటాడు. దాచిన సందేహానికి మూల్యం చెల్లించేది రోగి.

మీలో అందరూ వైద్యులు కాకపోవచ్చు. కానీ ప్రయోగశాలలో జూనియర్‌కో, ఇంట్లో తమ్ముడికో ఏదో ఒకటి చెప్పవలసి వస్తుంది. అప్పుడు జవాబు చెప్పేముందు ఒక్కసారి అడగండి: "నువ్వేమనుకుంటున్నావు?"